రాగి బంబుకు వందనం

రాత్రిపాళీ దిగి ఇంటికొచ్చే సాంచా (మరమగ్గం) కార్మికుడి జుట్టంతా దూది నూగు. గోళ్ల సందుల్లో మిషను నూనె. చెవుల్లో ఇంకా ఆగని మోత. షోలాపూర్ చద్దరు దేశమంతటా చలి ఆపుతుంది, షోలాపూర్ తువాలు ఊరూరా తడి తుడుస్తుంది. వాటిని నేసిన ఒంటికి మాత్రం హాయినిచ్చేది నువ్వే, రాగి బంబూ! పద్మశాలీల వాకిట నిలబడి నీళ్లు కాచే తల్లీ, నీకు వందనం.

తెలంగాణ పల్లెల నుంచి నేతపని వెతుక్కుంటూ తరాల కిందట ఇక్కడికి చేరినవాళ్లు ఇంట్లో తెలుగునూ, గుడిలో మార్కండేయుణ్నీ నిలుపుకున్నారు. మరాఠీ నేల వాళ్లకు కడక్ జొన్న భాకరీ ఇచ్చింది, పల్లీల చట్నీ ఇచ్చింది, నిన్నూ ఇచ్చింది.

నీ అందమంతా నీ పనిలోంచి వచ్చిందే. పైకి నిగనిగలాడే గుండ్రని ఒళ్లు, పక్కన ఇత్తడి నల్లా. లోపల నడిమధ్య నిలువుగా ఒక గొట్టం. అడుగున జల్లెడ మీద నిప్పు, గొట్టం చుట్టూ నీళ్లు. మంట నీ కడుపులోంచే పైకి పోవాలి, పోతూ పోతూ తన వేడిని చుట్టూ ఉన్న నీళ్లకు అప్పజెప్పాలి. మూడు రాళ్ల పొయ్యి మీద కాగు పెడితే వేడిలో ఎక్కువ భాగం గాలిపాలే. నీ దగ్గర వేడిగాలి పైకి లేస్తుంటే కిందినుంచి కొత్తగాలి తనంతట తానే జల్లెడలోకి దూరుతుంది, ఊదుగొట్టంతో పనిలేదు. ఇనుము కంటే దాదాపు 5 రెట్లు బాగా వేడిని దాటించే లోహం నీది.

20 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి 45కు తెచ్చేంత వేడి, లెక్కకు, సుమారు 100 గ్రాముల ఎండుకట్టెలోనే ఉంది. అంతకు మించి కాల్చేదంతా పారబోతే. ఆ పారబోతను తగ్గించడమే పొయ్యి చేసేవాడి విద్య. 1950ల్లో హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు మట్టిపొయ్యికి పొగగొట్టం అమర్చి ప్రచారం చేసిందీ ఇందుకే. పేదింటి కట్టె వృథా పోకూడదు, ఆడవాళ్ల కళ్లు మండకూడదు.

నేతగాడు బట్టను వెలుతురుకెత్తి చూసినట్టు నిన్ను చూసి కొనాలి. పుణె తాంబట్ ఆళీలో రాగిపనివాళ్లు నీ ఒంటినిండా సుత్తిచుక్కలు వేస్తారు. అవి సొగసు, బలం కూడా. దెబ్బతిన్న రాగి గట్టిపడుతుంది. నిండా నీళ్లు పోసి అతుకుల దగ్గర చెమ్మ వెతకాలి. గొట్టం నిటారుగా ఉందా, జల్లెడ ఊడివస్తుందా, బూడిద తీయడానికి చెయ్యి దూరుతుందా, నల్లా కింద బకెట్ పడుతుందా చూడాలి. ఇంటికి సరిపడేంతే తీసుకోవాలి. మరీ పెద్దదైతే ఎవరూ పోసుకోని నీళ్లకు రోజూ కట్టె కాల్చాల్సి వస్తుంది.

తుమ్మపేళ్లు, కందికట్టె, కొబ్బరి చిప్పలు, ఎండినదేదైనా నీకు చాలు. పచ్చికట్టె పెడితే అది ముందు తన తడినే మరిగించుకుంటుంది, ఆ తర్వాతే నీ నీళ్ల సంగతి. నీళ్లు పోయకుండా అంటిస్తే నీ అతుకులు విడిపోతాయి. తలుపులు మూసిన స్నానాల గదిలో నిన్ను వెలిగించకూడదు. నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. నీ చోటు గాలాడే వాకిలి.

పొద్దంతా చేట ముందేసుకుని తునికాకులో తంబాకు చుట్టిన అమ్మ, సాయంత్రం నీ ఒంటికి వెనుచెయ్యి ఆనించి చూస్తుంది. పైభాగం చురుక్కుమంటుంది, అడుగు ఇంకా గోరువెచ్చన. ఇంకో రెండు పుల్లలు తోస్తుంది. ఆ నీళ్లతో తంబాకు ఘాటు వేళ్లను వదులుతుంది, నడుము నొప్పి సడలుతుంది. నరకచతుర్దశికి ముందురోజు అదే చెయ్యి చింతపండు, ఉప్పు పట్టించి నీ చిలుమంతా వదలగొడుతుంది. తెల్లారకముందే ఇంటిల్లిపాదికీ తలంటు నీ పుణ్యమే.

అందం ఉన్నవాళ్లకనీ, పొదుపు లేనివాళ్లకనీ పంచిపెట్టినవాళ్లు నిన్ను చూసి సిగ్గుపడాలి. రెక్కలు ముక్కలు చేసుకునే ఇంటికే మేలైన వస్తువు రావాలి. కంటికి నిండుగా ఉండాలి, ఒక్క పుల్లనూ వృథా చేయకూడదు, మనవడి కాలానికీ పనికిరావాలి. ఆ మూడూ ఒక్కచోట చూపించావు, బంబూ! అందుకే నీకీ దండం.