గుంట లోతుకు మోసపోని పనితనం

పీహెచ్‌ఎల్ 5200 అనే క్వేసార్ (భారీ కృష్ణబిలం చుట్టూ వెలిగే గెలాక్సీ కేంద్రం) వర్ణపటంలో కార్బన్ అయాన్ వెలుగు శిఖరంలా లేస్తుంది. దానికి నీలివైపున వెడల్పాటి గుంట ఉంటుంది. మనవైపు దూసుకొస్తున్న వాయువు అక్కడి కాంతిని మింగేసింది. శిఖరానికి గుంట ఎంత ఎడంగా ఉందో కొలిస్తే వేగం తెలుస్తుంది, సెకనుకు వేల కిలోమీటర్లు! 1967లో రోజర్ లిండ్స్ దీన్ని పట్టుకున్నారు. త్రీసీ 273 అనే క్వేసార్ ఎంత దూరాన ఉందో మార్టెన్ స్మిట్ తేల్చి అప్పటికి నాలుగేళ్లే.

వేగం తేలిగ్గానే దొరుకుతుంది. అసలు పనితనం ఆ తర్వాత కావాలి. గుంట అడుగు తాకలేదు కాబట్టి వాయువు పల్చగా ఉందని చాలాకాలం పొరపాటుగా లెక్కలు కట్టారు. చిల్లుల గొడుగు గుడ్డ ఎంత మందమైనా కాస్త ఎండ పడుతూనే ఉంటుంది కదా, ఇక్కడా అంతే. కార్బన్ అయాన్‌కు 1548, 1551 ఆంగ్‌స్ట్రాముల దగ్గర జంట రేఖలున్నాయి. పల్చటి వాయువైతే మొదటి రేఖ రెండోదానికి రెట్టింపు బలంగా పీల్చుకోవాలి. రెండూ ఒకే లోతున, అడుగు తాకకుండా ఆగాయంటే వాయువు దట్టంగానే ఉంది, కాంతి మూలాన్ని మాత్రం పూర్తిగా కప్పలేదన్నమాట. ఈ మెలకువను పట్టుబట్టి నిలబెట్టినవారిలో ముందుగా చెప్పాల్సింది ఖగోళ శాస్త్రవేత్త నహూమ్ అరావ్ పేరు.

కేంద్రం నుంచి ఆ వాయువు ఎంత దూరాన ఉందో ఆయన కొలిచిన తీరు చూడండి. వాయువు ఎంతగా అయనీకరణం చెందిందో తెలిస్తే, దాని సాంద్రతను దూరపు వర్గంతో గుణించిన విలువ దొరుకుతుంది. సాంద్రత విడిగా తెలియాలి. అందుకు గంధకం అయాన్ ఉంది. 1063 దగ్గరి రేఖ మామూలు స్థితిది, 1073 దగ్గరిది ఎలక్ట్రాన్ల తాకిడికి పైమెట్టెక్కిన అయాన్లది. రెండింటి నిష్పత్తే సాంద్రత చెబుతుంది. అలా కొలిస్తే ఇలాంటి క్వేసార్ గాలుల్లో దాదాపు సగం కేంద్రానికి వంద పార్సెక్కుల అవతల తేలాయి! కృష్ణబిలం అంచునే వాటిని కట్టేసిన సిద్ధాంతాలు మళ్లీ ఆలోచించుకోవలసి వచ్చింది.

రేఖల దగ్గర పీల్చుకున్న కాంతే పరమాణువుల్ని తోస్తుందన్న ఊహ మన మేఘనాథ్ సాహా 1919లోనే చేశారు. దాని ఆనవాలును అరావ్ కొన్ని క్వేసార్ల గుంటల్లో చూపించారు. సెకనుకు 5,900 కిలోమీటర్ల దగ్గర ఒక చిన్న గూని. అక్కడ హైడ్రోజన్ లైమన్ ఆల్ఫా కాంతి నత్రజని అయాన్లను గట్టిగా తోసేస్తుంది, అందుకే ఆ వేగంలో వాయువు పల్చబడుతుంది. ఆ గూనిని చూసినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

పీడీఎస్ 456 అనే క్వేసార్‌లో కాంతి వేగంలో దాదాపు నాలుగో వంతుతో ఉరికే గాలిని చూపి ఎక్స్‌రే వాళ్లు గర్వపడతారు, పడాల్సిందే. నా మొగ్గు మాత్రం అతినీలలోహితం వైపే, దూరాన్ని ఇంత నమ్మకంగా కొలిచేది అక్కడే కాబట్టి.

ఇప్పుడు వస్తున్న చవకబారు పని చూస్తే కడుపు మండుతుంది. సాంద్రత కొలవకుండా ఘన సెంటీమీటరుకు వందో రెండు వందలో ఎలక్ట్రాన్లనుకుని, ఆక్సిజన్ వెలుగును సాఫ్ట్‌వేర్‌తో రెండు గంట ఆకారపు వక్రాలుగా విడగొట్టి, గెలాక్సీనే ఊడ్చేసేంత శక్తి ఉందని ప్రకటించేస్తారు. సాంద్రత పదింతలైతే ద్రవ్యరాశి పదో వంతుకు పడిపోతుందే! ఆ మాట శీర్షికల్లో ఎక్కడ? గుంటను కళ్లతో చూసే ఓపికే పోయింది. జంట రేఖల పరీక్ష చేయనివాళ్లు ఇచ్చే శక్తి లెక్కను నేను లెక్కగానే ఒప్పుకోను.

పనిముట్టూ ముసలిదవుతోంది. 2009లో హబుల్‌కు అమర్చిన కాస్ వర్ణపటమాపకమే 500 నుంచి 1050 ఆంగ్‌స్ట్రాముల మధ్య పుట్టిన అమూల్య రేఖల్ని మనకు చూపించింది. 2024 నుంచి హబుల్ ఒక్క గైరోస్కోపుతో నెట్టుకొస్తోంది. జేమ్స్ వెబ్‌కు అతినీలలోహితం కనిపించదు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ ఇన్సిస్ట్ అనే అతినీలలోహిత అంతరిక్ష దూరదర్శినిని ప్రతిపాదించింది. దానికి డబ్బివ్వండి, ఆలస్యం చేయకండి. ఈలోగా మన విశ్వవిద్యాలయాల్లో పిల్లల చేత ఒక్క క్వేసార్ వర్ణపటాన్నైనా, సాఫ్ట్‌వేర్ ముట్టుకోకముందే, రేఖ రేఖగా చదివించండి.