తన లెక్క తానే విప్పి చూసుకున్న ఐదు పేజీలు

అమెరికాలో ప్రజారోగ్యం చూసే కేంద్ర సంస్థ సీడీసీ. అది వారం వారం ఒక బులెటిన్ వేస్తుంది. ఎమ్‌ఎమ్‌డబ్ల్యూఆర్ అని దాని పొట్టి పేరు. ఏ ఊళ్లో ఏ జబ్బు వచ్చింది, ఎందరికి వచ్చింది, ఎలా బయటపడింది, ఇంతే అందులో ఉండేది. రచన కోసం దాన్ని తెరిచేవాళ్లెవరూ ఉండరు. అయినా 2000 మార్చి 10 సంచికలోని ఒక ఐదు పేజీల నివేదికను పనితనం తెలిసినవాళ్లంతా ఒకసారి చదవాలని నా కోరిక. క్లీవ్‌లాండ్ నగరంలో పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తస్రావం జరిగింది, దానికి వాళ్ల ఇళ్లలోని నల్లబూజే కారణం కావచ్చని అంతకుముందు ఒక పరిశోధన తేల్చింది. ఈ నివేదిక ఆ పరిశోధనను మళ్లీ పరీక్షకు పెట్టింది. విశేషమేమిటంటే, ఆ పాత పరిశోధనలో పాల్గొన్నది కూడా సీడీసీయే. తాను కుట్టిన బట్టను తానే కుట్టుకుట్టూ విప్పి వెలుతురులో పట్టి చూసుకుంది.

సంగతి 1993లో మొదలైంది. ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ తూర్పు భాగం. పాత ఇళ్లు, కారే గొట్టాలు, నీళ్లు చేరే బేస్‌మెంట్లు. అంతవరకు బాగానే ఉన్న నెలల పిల్లల్ని ముక్కులోంచో నోట్లోంచో రక్తం పడుతోందని రెయిన్‌బో బేబీస్ అండ్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌కి తేవడం మొదలైంది. 1994 ఆఖరుకి పదిమంది. అందరూ ఆరునెలల లోపువాళ్లు, అందరూ ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాల పిల్లలు, అందరి ఇళ్లూ పక్కపక్క పిన్‌కోడ్లలోనివి. ఆస్పత్రిలో తేరుకుని ఇంటికి వెళ్లాక కొందరికి మళ్లీ రక్తం పడింది. పిల్లల ఊపిరితిత్తుల వైద్యుడు డాక్టర్ డార్ డియర్‌బోర్న్‌కి ఇదంతా కాకతాళీయమని అనిపించలేదు. సీడీసీ రంగంలోకి దిగింది.

బిడ్డకి చేసిన పరీక్ష చూడండి, చాలా అందమైన పరీక్ష. ఊపిరితిత్తిలో రక్తం పడితే అక్కడి మాక్రోఫేజ్ కణాలు ఎర్రకణాలను మింగి, వాటిలోని ఇనుమును హీమోసిడెరిన్‌గా మార్చి దాచుకుంటాయి. అందుకు రెండు మూడు రోజులు పడుతుంది. బ్రాంకోస్కోప్ పంపి ఊపిరితిత్తిని కొద్దిపాటి సెలైన్‌తో కడిగి, ఆ ద్రవానికి ప్రష్యన్ బ్లూ రంగు వేస్తే ఇనుము దాచిన కణాలు నీలంగా తేలతాయి. ఇవాళే రక్తం పడిందంటున్న బిడ్డలో ఈ నీలికణాలు నిండా ఉంటే, లోపల అంతకుముందే రక్తం పడిందన్నమాట. ఎప్పుడు పడిందో ఈ పరీక్ష కొంతవరకు చెప్పగలదు. ఎందుకు పడిందో మాత్రం చెప్పలేదు. అది తెలుసుకోవడానికి ఇళ్లకే వెళ్లాల్సి వచ్చింది.

ఇళ్లలో వెతికింది ఆ నల్లబూజు కోసం, అంటే స్టాకీబోట్రిస్ అట్రా అనే శిలీంధ్రం కోసం. ఇప్పుడు దాన్ని స్టాకీబోట్రిస్ చార్టారమ్ అంటున్నారు. 1837లో కోర్డా అనే శాస్త్రవేత్త ప్రాగ్‌లో ఒక ఇంటి గోడకాగితం మీద దీన్ని చూసి వర్ణించాడు, అంటే మొదటినుంచీ ఇది ఇళ్లలోని జీవే. 1930లలో ఉక్రెయిన్‌లో బూజుపట్టిన గడ్డి తిని గుర్రాలు చచ్చిపోయినప్పుడు దీని విషం సంగతి తెలిసింది. కాస్త చెమ్మ దీనికి చాలదు. డ్రైవాల్ మీది కాగితం, సీలింగ్ పలక, అట్టపెట్టె లాంటిది బాగా నాని, రోజుల తరబడి తడిగా ఉండాలి. సిద్ధబీజాలు జిగురుతో ముద్దకట్టి ఉంటాయి కాబట్టి ఊరికే గాల్లోకి లేవవు. పెట్రి డిష్‌లో పెంచుదామన్నా నిదానంగా పెరుగుతుంది. ఆలోపు పెనిసిలియం, ఆస్పర్‌జిల్లస్ జాతులు డిష్ అంతా ఆక్రమించేస్తాయి. అందుకే దీనికోసం సెల్యులోజ్ కలిపిన ప్రత్యేకమైన మాధ్యమం వాడతారు. కాబట్టి గాలి నమూనాలో ఇది దొరకకపోతే ఇంట్లో లేదని అర్థం కాదు. దొరికినంత మాత్రాన బిడ్డ పీల్చిందనీ కాదు. నమూనా తీసేముందు ఆ గాలిని ఎవరు, ఎంత కదిపారన్నదే అసలు ప్రశ్న.

ఈ పరిశోధన చేసిన రూత్ ఎట్జెల్, ఆమె సహచరుల ఫలితాలు 1998లో ఒక పిల్లల వైద్య పత్రికలో వచ్చాయి. లెక్కలోకి వచ్చినవి జబ్బుపడిన పిల్లల ఇళ్లు 9, పోలిక కోసం ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఇళ్లు 27. ఫిల్టర్ క్యాసెట్లతో గాలి లాగి చూస్తే మొదటి 9లో 5 ఇళ్లలో, రెండో 27లో 4 ఇళ్లలో బతికున్న స్టాకీబోట్రిస్ దొరికింది. సగటున ఘనపు మీటరు గాలికి అక్కడ 43 కాలనీలు, ఇక్కడ 4. ఈ లెక్కన గాలిలో బూజు 10 యూనిట్లు పెరిగితే జబ్బుకి ఆడ్స్ రేషియో 9.8, అంటే జబ్బు అవకాశం దాదాపు పదింతలు. ఈ 9.8 పత్రికల్లోకి, టీవీల్లోకి వెళ్లింది. టాక్సిక్ మోల్డ్, అంటే విషపు బూజు, అనే మాట అమెరికా ఇళ్లలో పాకింది. ఆ అంకె పక్కనే రాసి ఉన్న కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌ను మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అది 1.08 నుంచి 30 లక్షల దాకా ఉంది. అవును, 30 లక్షలే. అసలు అంకె ఆ రెండింటి మధ్య ఎక్కడైనా ఉండవచ్చని పరిశోధకులే చెప్పుకున్నారు. పాపం, దాచిపెట్టిందేమీ లేదు.

దీన్ని తిరిగి చూడటానికి సీడీసీ తన సీనియర్ శాస్త్రవేత్తల బృందాన్ని ఒకదాన్ని, బయటి నిపుణులను మరికొందరిని కూర్చోబెట్టింది. 2000 నాటి నివేదికలో ఉన్నది వాళ్లు తేల్చిన సంగతుల సారం.

అందులో నన్ను బాగా ఆకట్టుకున్నది నమూనాల గురించిన భాగం. జబ్బుపడిన పిల్లల ఇళ్లలో పోలిక ఇళ్లకంటే రెండింతలు గాలి నమూనాలు తీశారని అది చెబుతుంది. రెండుసార్లు వల వేసినవాడికి చేప దొరికే అవకాశం ఎక్కువని ఎవరికైనా తెలుసు, కానీ 9లో 5కీ 27లో 4కీ తేడా చూసి ఆశ్చర్యపోతున్నప్పుడు ఆ సంగతి ఎవరికీ తట్టదు. ఆ తర్వాత మరో వివరం. నమూనా తీసేముందు తివాచీలను వాక్యూమ్ చేశారట, ఫర్నేస్ గొట్టాల మీద, సామాన్ల మీద బాదారట. ఆ పద్ధతికి ఒక ప్రమాణమంటూ లేదని నివేదిక ముక్తసరిగా చెప్పి ఊరుకుంటుంది. ముద్దకట్టిన బీజాలు మామూలుగా లేవవని పైన చెప్పుకున్నాం కదా, బాదితే లేస్తాయి. పాత బృందం ఉద్దేశం నాకు అర్థమవుతుంది. చలికాలంలో ఫర్నేస్ వేసినప్పుడు, ఇంట్లో మనుషులు తిరిగినప్పుడు ఏది పైకి లేస్తుందో చూద్దామనుకుని ఉంటారు. తప్పు ఉద్దేశం కాదు. అయితే అదే బాదుడు 36 ఇళ్లలోనూ ఒకే తీరున పడాలి. లోపలికి వెళ్లినవాళ్లకి ఇది జబ్బుపడిన బిడ్డ ఇల్లని తెలిసే వీలుంటే, వాళ్లకే తెలియకుండా చెయ్యి కాస్త గట్టిగా పడదా?

ఇక పేట సంగతి. పోలిక పిల్లలను వయసు చూసి ఎంచారు గానీ పేట చూసి ఎంచలేదు. జబ్బుపడిన పిల్లలంతా నీళ్లు కారే పాత ఇళ్ల ప్రాంతంవాళ్లు. అలాంటప్పుడు తడిసిన గోడ జబ్బుకి కారణమో, ఆ పేటకి గుర్తు మాత్రమేనో విడదీసి చెప్పడం కష్టం. జబ్బుకి పెట్టిన పేరునూ సమీక్షకులు వదల్లేదు. హీమోసిడెరోసిస్ అంటే పదే పదే రక్తం పడుతూ వచ్చిందని సూచన. అందరి విషయంలో అంత రుజువు లేదు కాబట్టి కారణం తెలియని తీవ్ర రక్తస్రావం అంటే చాలన్నారు.

తర్వాత అంకెల వంతు. తొమ్మిదే ఇళ్లున్న లెక్కలో ఒక్క ఇంటి విలువ తప్పుగా పడ్డా మొత్తం పైకి లేచిపోతుంది. సమీక్షకులు గణనలోని పొరపాట్లను సరిదిద్దుతూ, విశ్లేషణలో చేసిన సర్దుబాట్లను ఒక్కొక్కటే మార్చి చూస్తూ పోయారు. సరిదిద్దిన ప్రతిసారీ ఆడ్స్ రేషియో దిగుతూ వచ్చి 1.5 దగ్గర ఆగింది. దాంతో పెద్ద తేడా ఉందని చెప్పడానికి ఆధారం మిగల్లేదు.

చివరిగా ఇల్లు దాటి బయటికి చూశారు. ఈ శిలీంధ్రం విషం వల్ల జంతువులకీ మనుషులకీ వచ్చినట్టు చరిత్రలో నమోదైన జబ్బుకీ, క్లీవ్‌లాండ్ పిల్లల జబ్బుకీ పోలిక కుదరలేదు. షికాగోలో అలాగే కొందరు పిల్లలకి రక్తం పడితే అక్కడి దర్యాప్తులో బూజుతో సంబంధం కనబడలేదు.

ఇంత విప్పాక కూడా బూజు హానికరం కాదని నివేదిక ఎక్కడా అనలేదు. నేను మెచ్చుకునేది ఇక్కడే. సంబంధం తగినంతగా నిరూపణ కాలేదని అంది, అంతే. నిరూపణ కాలేదనడం వేరు, అబద్ధమని తేలిందనడం వేరు. కోపంగా రాసేవాడైతే ఈ రెండింటినీ కలిపేస్తాడు. వీళ్లు కలపలేదు. ఒక మనిషి మీద నింద లేదు, ఒక్క వెటకారం లేదు. ఒక లోటు మాత్రం నాకు కనిపిస్తుంది. సమీక్ష బృందాల పూర్తి నివేదికలు విడిగా ఉన్నాయి, ఈ ఐదు పేజీల్లో లెక్క దిగిన మెట్లన్నీ వివరంగా లేవు. మామూలు పాఠకుడు పెన్సిల్ పట్టుకుని తానూ వెంట నడుద్దామంటే కుదరదు.

ఆ తర్వాత 2004లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ చెమ్మ ఇళ్ల మీద పెద్ద గ్రంథమే తెచ్చింది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఉన్నవాళ్లకి అది ముదరడం కనబడతాయనడానికి ఆధారాలు చాలన్నది. పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తం విషయంలో ఆధారాలు చాలవన్నది.

ఇప్పుడు ఒహాయోలోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాన్ని తలుచుకోండి. మనవైపు ఇళ్లకి బేస్‌మెంట్ అలవాటు లేదు. అక్కడ వానలు పడ్డాక కింద ఏదో వాసన, బిడ్డకి రాత్రిళ్లు దగ్గు. వెంటనే గాలి పరీక్ష చేయించాలనిపిస్తుంది. అమెరికాలో ఇంటి గాలిలో ఇంత బూజు ఉండొచ్చు, ఇంతకు మించకూడదు అని చెప్పే ప్రభుత్వ ప్రమాణమేదీ లేదు. కంటికి కనబడుతున్న బూజుకి నమూనా తీయాల్సిన పని సాధారణంగా ఉండదని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ మాట. ముక్కు, టార్చి, గోడలో సూదులు గుచ్చి తడి చెప్పే మాయిశ్చర్ మీటర్, వీటితోనే మంచి ఇన్‌స్పెక్టర్ పని సగం అయిపోతుంది. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోవడమే అసలు నేర్పు. ఇంట్లో తేమ 60 శాతం లోపు ఉంచమంటారు.

బిడ్డ సంగతికొస్తే, అలర్జీ అనుమానం ఉంటే చర్మం మీద బూజు సారం చుక్క వేసి గుచ్చి చూసే ప్రిక్ టెస్ట్ ఉంది. పక్కనే హిస్టమిన్ చుక్క ఒకటి, ఉత్త సెలైన్ చుక్క ఒకటి వేస్తారు. పావుగంట, ఇరవై నిమిషాలకి దద్దురు కొలుస్తారు. ఆ రెండు చుక్కలు లేకపోతే మూడోదానికి అర్థం లేదు. క్లీవ్‌లాండ్ ఇళ్లలో సమీక్షకులు అడిగిందీ ఇలాంటి పోలికే. మూత్రంలో మైకోటాక్సిన్లు, అంటే బూజు విషాలు, చూస్తామని అమ్మే పరీక్షలు మరో రకం. వాటికి ఆమోదం లేదనీ, ఆరోగ్యవంతుల మూత్రంలోనూ ఆహారం వల్ల కొద్దిగా కనబడతాయనీ ఇదే బులెటిన్ 2015లో హెచ్చరించింది. వేరుశనగలో అఫ్లాటాక్సిన్ పట్టుకోవడానికి పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చవకైన కిట్ తయారుచేసిందంటేనే, ఈ విషాలు గోడల మీదినుంచే కాదు, కంచంలోంచి కూడా రావచ్చని అర్థమవుతుంది.

డాక్టర్ డియర్‌బోర్న్ ఈ నివేదికతో ఏకీభవించలేదు. 2002లో ఆయన బృందం క్లీవ్‌లాండ్‌లో ఇలా రక్తం పడిన 30 మంది శిశువుల వివరాలు ప్రచురించింది. అది మంచం పక్కన నిలబడి రాసిన వ్యాసం. రెండూ దొరికితే ముందు 2000 నాటి నివేదికే చదవమంటాను. అప్పుడైతే ఆ పిల్లల గురించి చదువుతున్నంతసేపూ ఎన్ని నమూనాలు, ఎలా తీశారన్న ప్రశ్న వెంట ఉంటుంది. వరస మార్చి చదివితే ఆ పిల్లలే కళ్లముందు నిలుస్తారు, ఇక లెక్కలు చదవబుద్ధి కాదు.