ముల్లు చెప్పే పాకం

అరిసెల పాకం పట్టడం చేతనైనవాళ్లు గడియారం చూడరు. పొయ్యి పక్కనే చిన్న పళ్లెంలో చన్నీళ్లు పెట్టుకుంటారు. బెల్లం నురగలో పెద్ద బుడగలు తగ్గి చిన్న బుడగలు దట్టంగా లేస్తున్నప్పుడు గరిటె కొసతో ఒక చుక్క తీసి ఆ నీళ్లలో వేస్తారు. చుక్క కరిగిపోతే ఇంకా లేత. అడుగుకు చేరి, వేలితో దగ్గరికి లాగితే ఉండై, పైకి తీసినా రూపు నిలిస్తే వెంటనే దింపి తడిపిండి కలిపేస్తారు. ఆ ఉండని పళ్లెం అంచుకేసి కొట్టినప్పుడు ఠంగుమందంటే అది పల్లీ చెక్కీకి పనికొచ్చే పాకం. అరిసెలకు చేయి దాటిపోయినట్టే. లేత పాకంతో కలిపిన చలిమిడి నూనెలో విచ్చిపోతుంది, ముదురు పాకంతో చేసిన అరిసె పంటికి లొంగదు. ఈ రెంటికీ మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. ఆ ఇరుకు సందులోంచి ఏటా సంక్రాంతికి తప్పకుండా నడిచివచ్చే చేతుల మీద నాకు చెప్పలేనంత గౌరవం.

ఆ చేతులు సముద్రం దాటి అండమాన్‌కీ వెళ్లాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకీ, కూలి పనులకీ, కొలువులకీ వెళ్లినవాళ్లు అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు పదమూడు శాతం మందికి తెలుగు మాతృభాష. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, డిగ్నాబాద్ లాంటి పేటల్లో తెలుగింటి వంటగది అంటే ఒక పక్క చేపల పులుసు, ఇంకో పక్క కొబ్బరి. పండగొస్తే మూకుడు, బెల్లం, తడిపిన బియ్యం. కొబ్బరి దీవిలోనే దొరుకుతుంది. బెల్లం మాత్రం ఎక్కువగా ఓడ మీద రావాలి. ఓడలోనూ, గోదాములోనూ, ఇంటి డబ్బాలోనూ అది గాలిలోని తేమ తాగుతూనే ఉంటుంది. ఆ గాలి సంవత్సరంలో చాలా నెలలు చెమ్మగానే ఉంటుంది, రెండు రుతుపవనాలూ తడిపే నేల కదా.

దీవిలో పుట్టి పెరిగిన కూతురికి అమ్మమ్మ పక్కన కూర్చుని ఏటా పాకం చూసే అవకాశం దొరకదు. పండగ ముందురోజు మెయిన్‌లాండ్‌కి ఫోను చేస్తుంది. అవతలినుంచి “ఉండ కట్టిందేటమ్మా?” అని అడుగుతారు. “కట్టినట్టే ఉందమ్మా, మెత్తగా ఉంది” అని ఇవతలినుంచి సమాధానం. ఎంత మెత్తగా? అది ఫోనులో అందదు. వేలు పక్కనుంటే తప్ప వేలి విద్య రాదు. ఇంటింటికీ ఒక డయల్ థర్మామీటరు ఉండాలని నేననేది ఇందుకే. అది అమ్మమ్మ వేలిని పక్కకు నెట్టడానికి కాదు. ఆ వేలికి తెలిసినదాన్ని ఒక అంకెగా మార్చి దూరానికి పంపడానికి.

అసలు ఉష్ణోగ్రతకీ పాకానికీ ఏమిటి సంబంధం? మామూలు నీళ్లు సముద్రమట్టంలో 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఎంతసేపు మరిగించినా అక్కడే ఉంటాయి. పంచదార కరిగాక మరిగే డిగ్రీ పైకి జరుగుతుంది. నీరు ఆవిరైపోతున్నకొద్దీ పంచదార వాటా పెరుగుతుంది, వాటా పెరిగినకొద్దీ మరిగే డిగ్రీ పెరుగుతుంది. కాబట్టి పాకంలో ముంచిన థర్మామీటరు నిజానికి మనకు చెప్పేది, అందులో ఇంకా ఎంత నీరు మిగిలి ఉందని. పళ్లెంలో వేసిన చుక్క కరగడం, తీగ సాగడం, ఉండ కట్టడం, ఠంగుమనడం, ఇవన్నీ కూడా ఆ మిగిలిన నీటి లెక్కలే.

కిలో పంచదారలో కిలో నీళ్లు పోశామనుకోండి. మరుగు మొదలైనప్పుడు 102 దగ్గర ఉంటుంది. పంచదార వాటా నూటికి డెబ్భై అయ్యేసరికి నీళ్లు 430 గ్రాములకు తగ్గిపోతాయి, అంటే సగానికి పైగా ఆవిరైపోయాయి. అయినా ముల్లు ఇంకా 106 దగ్గరే ఉంటుంది. అక్కడినుంచి ఇంకో 180 గ్రాములు పోతే 111, 112. ఆ తర్వాత మరో 140 గ్రాములు పోయేసరికి 123. మొదటి నాలుగు డిగ్రీలకు అరకిలోకు పైగా నీరు ఆవిరి కావాలి. చివరి పదకొండు డిగ్రీలకు ఒక గ్లాసెడు కూడా అక్కర్లేదు. పాకం చాలాసేపు కదలకుండా ఉండి, అటు తిరిగి ఇటు తిరిగేలోగా ముదిరిపోవడం వెనక సంగతి ఇదే. మన పెద్దవాళ్లు తీగ కనిపించగానే సెగ తగ్గించి, ఎవరు పిలిచినా పొయ్యి దగ్గరనుంచి లేవకపోవడానికి ఈ లెక్కే కారణం. వాళ్లు దాన్ని కళ్లతో నేర్చుకున్నారు.

పంచదార పాకానికైతే అంకెలు దాదాపు స్థిరం. తీగ సాగడం 105 దగ్గర మొదలై, 110 దాకా చిక్కబడుతూ పోతుంది. మెత్తటి ఉండ 112 నుంచి 116. గట్టి ఉండ 118 నుంచి 121. పళ్లెం మీద శబ్దం చేసే పాకానికి 146 దాటాలి. ఇవి సముద్రమట్టం అంకెలు. డిగ్నాబాద్ వంటగదికి ఇందులో ఒక సౌలభ్యం ఉంది: సముద్రం పక్కనే కనుక నీళ్లు కచ్చితంగా 100 దగ్గరే మరుగుతాయి, అంకెలు ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు 98 దాటగానే మరుగుతాయి. అరకులో ఇంకా ముందే. ప్రతి 300 మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అందుకని నేను ఎవరికి చెప్పినా అంకెను ఇలా చెబుతాను: మీ ఊళ్లో నీళ్లు మరిగే డిగ్రీకి పన్నెండు నుంచి పదహారు కలపండి, అది ఉండ పాకం. పోర్ట్ బ్లెయిర్ నుంచి హైదరాబాదులో ఉన్న చెల్లెలికి చెప్పినా ఆ లెక్క తప్పదు.

బెల్లం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంకె ఒక్కటే సరిపోదు. దీన్ని దాచి థర్మామీటరుని పొగడడం నాకిష్టం లేదు. బెల్లంలో పంచదారతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు, ఖనిజ లవణాలు ఉంటాయి. తేమలో నిలవ ఉన్నకొద్దీ పంచదార విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజుల వాటా పెరుగుతుంది. అవి తక్కువ మోతాదులోనే మరిగే డిగ్రీని ఎక్కువ పెంచుతాయి, పైగా నీటిని పట్టుకుని వదలవు. కాబట్టి అదే 113 దగ్గర కొత్త బెల్లం ఉండ కడితే, ఓడ ప్రయాణం చేసి చెమ్మగిల్లిన పాత బెల్లం ఇంకా జారుతూనే ఉంటుంది. దానికి మరో రెండు మూడు డిగ్రీలు పోవాల్సి రావచ్చు. అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లకు ఈ తేడాలు బాగా తెలుసు. దిమ్మ బెల్లానికి 118 ప్రాంతంలో దింపాలని శాస్త్రజ్ఞులు లెక్కగట్టినా, పొయ్యి దగ్గర వండేవాడు చుక్కని నీళ్లలో వేసి చూశాకే పెనం దింపుతాడు. అరిసెలకూ అదే పద్ధతి. 110 దాకా ముల్లుని నమ్మండి. అక్కడినుంచి సెగ తగ్గించి, డిగ్రీకొకసారి పళ్లెంలో చుక్క వేయండి. ఉండ కట్టిన క్షణాన ముల్లు ఎక్కడుందో చూసి రాసుకోండి. తీర్పు వేలిది, రాసి పెట్టుకోదగ్గ సాక్ష్యం ముల్లుది.

ఇక కొనడం. డయల్ థర్మామీటరు కాడలో చుట్టగా తిప్పిన ఒక రేకు ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలను అతికించి చేసిన రేకు అది. వేడికి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వ్యాకోచిస్తాయి కనుక చుట్ట మెలి తిరిగి ముల్లుని తిప్పుతుంది. జాన్ హారిసన్ అనే ఇంగ్లండు గడియారాల పనివాడు 1750లలో ఇలాంటి జంట లోహాల రేకుని వాడింది ఓడ మీద సరిగ్గా నడిచే గడియారం కోసం. చలికీ వేడికీ గడియారం తప్పకుండా ఉండాలన్నది ఆయన పట్టుదల. సముద్రం కోసం పుట్టిన రేకు దీవి వంటింట్లో పనికిరావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. డయల్ థర్మామీటరుకి బ్యాటరీ అక్కర్లేదు. ఉప్పుగాలికి తుప్పుపట్టే సర్క్యూట్లు లేవు. నాకు అన్నిటికన్నా నచ్చేది ముల్లు కదలిక. అంకె మాత్రమే చూపే డిజిటల్ పరికరంలో 106 కనిపిస్తుంది. డయల్ మీద ఆ 106 దగ్గర ముల్లు ఎంతసేపు తాత్సారం చేసిందో, ఎప్పుడు పరుగందుకుందో కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ నడక తెలియడమే సగం విద్య.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది డయల్ మీద చివరి అంకె. మాంసం ఉడికిందో లేదో చూసే చిన్న థర్మామీటర్లు చాలావరకు 100, 120 దగ్గర ఆగిపోతాయి. వాటిని పాకంలోనో నూనెలోనో పెడితే పాడవుతాయి. 200 దాకా చూపేది తీసుకోండి. అంకెలు సెల్సియస్‌లో, రెండేసి డిగ్రీల గీతలతో, ఆవిరిలోంచి కూడా చదవగలిగేంత పెద్దగా ఉండాలి. కాడ స్టీలుదై ఉండాలి, గిన్నె అంచుకు తగిలించే క్లిప్పు ఉండాలి. డయల్ వెనక కాడ మొదట్లో చిన్న నట్టు ఉందో లేదో తప్పకుండా చూడండి, ముల్లు దారి తప్పితే సరిచేసేది అదే. అద్దం అంచు బిగుతుగా లేకపోతే ఒక్క వర్షాకాలంలోనే లోపల చెమ్మ పడుతుంది. గాజు గొట్టంలో ఎర్ర రంగు ద్రవం ఉండేవి కూడా పాకానికి బాగానే పనిచేస్తాయి, కానీ రాతి గట్టు మీద ఎన్నాళ్లుంటాయో చెప్పలేం. పాదరసం ఉన్నది మాత్రం వంటింట్లోకి రానివ్వకండి.

తెచ్చిన రోజే మరిగే నీళ్లలో పెట్టండి, అడుగుకు తగలకుండా, అర నిమిషం. డిగ్నాబాద్‌లో ముల్లు 100 మీద నిలవాలి. 97 చూపితే నట్టు తిప్పి 100కి తెండి. ఐసు ముక్కల నీళ్లలో సున్నా చూసే పద్ధతీ ఉంది గాని, పాకం పనికి మరిగే నీళ్ల పరీక్షే మేలు, మనం వాడబోయే అంకెలకు అది దగ్గర.

వాడకంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. డయల్ థర్మామీటరు కొసతో మాత్రమే వేడిని చూడదు, కాడ కింది భాగం రెండంగుళాల పొడవునా చూస్తుంది. వెడల్పాటి మూకుడులో అంగుళం లోతు పాకంలో కొస ముంచితే సగం చుట్ట గాలిలో ఉంటుంది, ముల్లు తక్కువ చూపుతుంది, పాకం ముదిరిపోతుంది. అర కిలో బెల్లానికైతే లోతైన చిన్న తపేలా మంచిది. మూకుడే కావాలంటే ఒక పక్కకు ఒరిగించి, పాకం గుమిగూడిన చోట కాడని ఏటవాలుగా ముంచండి. రెండోది, ముల్లుకి పది, పదిహేను సెకన్ల ఆలస్యం ఉంటుంది. 110 దాటాక పాకం పరుగెత్తేటప్పుడు ముల్లు వెనకబడే ఉంటుంది, పైగా దింపాక కూడా ఇనప మూకుడు వేడి పాకాన్ని ముందుకు తోస్తూనే ఉంటుంది. అందుకే చిన్న మంట, అందుకే ఒక డిగ్రీ ముందే దింపడం. మూడోది, కాడని తీసిన ప్రతిసారీ వేడినీళ్లలో ముంచి తుడవండి. దాని మీద ఆరిన పంచదార పలుకు ఒక్కటి మళ్లీ పాకంలో పడినా చాలు, మొత్తం పలుకులు కట్టడానికి.

కొబ్బరి ఉండలకు ఇంకో జాగ్రత్త. కొబ్బరి వేశాక ముద్దలో థర్మామీటరు పనికిరాదు, కొలత అంతకుముందే అయిపోవాలి. పచ్చికొబ్బరి తన నీటిని పాకంలోకి వదులుతుంది కనుక బెల్లం పాకాన్ని అరిసెల కన్నా కాస్త ముదురుగానే పట్టాలి. దసరా, దీపావళి రోజుల్లో దీవిలో ఇంకా వానలే. ఆ చెమ్మలో ఆరబెట్టిన ఉండలు జిగటగా అంటుకుంటాయి. మరో డిగ్రీ, రెండు డిగ్రీలు పైకి పోనివ్వడం, చల్లారీ చల్లారగానే మూత బిగించడం అప్పుడు అవసరం. సంక్రాంతి నాటికి వానలు తగ్గి గాలి కొంత పొడిబారుతుంది, అరిసెలకు అది కలిసొచ్చే కాలం.

అదే పరికరం మిగతా రోజుల్లోనూ ఖాళీగా ఉండక్కర్లేదు. అరిసెలు కాల్చే నూనె 160, 170 మధ్య ఉంటే లోపలిదాకా కాలతాయి. కాచిన పాలు 43 దగ్గరికి చల్లారాక తోడు వేస్తే పెరుగు బాగా కుదురుతుంది. చేపకు మధ్యలో 63 చాలు, కోడికి 74. కాడ చూసే భాగం పొడవు కనుక చేప ముక్కలోకి పైనుంచి కాకుండా పక్కనుంచి గుచ్చాలి. అయితే వాసన మారిన సూర చేపను ఏ డిగ్రీ కాపాడలేదు. ఎండలో ఉన్నప్పుడు దానిలో పుట్టే హిస్టమిన్ వండినా పోదు.

పనయ్యాక డయల్‌ని నీళ్లలో ముంచకుండా కాడని మాత్రమే కడిగి, తుడిచి, ఆరనిచ్చి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఆ డబ్బాలోనే ఒక చిన్న పుస్తకం ఉంచండి. అందులో రాయాల్సింది నాలుగే మాటలు: నెల, బెల్లం కొత్తదా పాతదా, ఉండ కట్టినప్పుడు ముల్లు ఎక్కడుంది, అరిసె ఎలా వచ్చింది. ‘జనవరి, కొత్త బెల్లం, 113, మెత్తగా వచ్చాయి’ అని ఒక వరస. ‘అక్టోబరు, చెమ్మ బెల్లం, 116, బాగున్నాయి, ఇంకాస్త ముందు దింపొచ్చు’ అని ఇంకో వరస. రెండు మూడు పండగలు గడిచేసరికి ఫోనులో అవతలివాళ్లు “ఉండ కట్టిందేటమ్మా?” అన్నప్పుడు, “నూట పదమూడు దగ్గర కట్టిందమ్మా, మీ దగ్గర ఎంతకి కట్టింది?” అని ఎదురు అడగొచ్చు.