రెండు పుల్లలు కలిపి గీయి

గిలకలదిండి రేవులో మా తాత చుట్టకు నిప్పు అందించడం చిన్నప్పుడు నా పని. పోటు కోసం పడవలు ఆగిన సాయంత్రాల్లో ఆయన తాళ్ల చుట్ట మీద కూర్చుని, చుట్ట కొన పళ్లతో కొరికి ఉమ్మేసి, అగ్గిపెట్టె నా చేతిలో పెట్టేవాడు. సముద్రం మీంచి ఒకటే గాలి. మొదటి పుల్ల ఆరిపోయేది, రెండోదీ అంతే. "ఒరేయ్ అబ్బాయ్, గాలికి వీపు పెట్టు. రెండు పుల్లలు కలిపి గీయి. గీసింది గీసినట్టు నా మూతి దగ్గరకు తేకు, ముందు మందు కాలనియ్" అనేవాడు. మూడోసారి దోసిట్లో మంట నిలబడితే నాకు పడవ కొన్నంత సంబరం.

నేను పొగ తాగను. తాతను తీసుకుపోయింది ఆ పొగే. అయినా నిప్పు వెలిగించే పని మీద ఇష్టం మాత్రం పోలేదు.

పోయిన నెల హ్యూస్టన్ నుంచి వచ్చిన స్నేహితుణ్ని ఆ రేవుకే తీసుకెళ్లాను. అతను పైపు తాగుతాడు. జేబులోంచి గ్యాస్ లైటరు తీసి నొక్కాడు. మంట నిక్కుకుని పైకి లేచింది. పైపు గిన్నె నోరు కూడా పైకే ఉంటుంది కదా, లైటరును పక్కకు వంచక తప్పలేదు. మంట వేలికి తగిలింది, గిన్నె అంచు నల్లబడింది, పొగాకు మాత్రం ఒక మూలే అంటుకుంది. పక్కన వల బాగుచేసుకుంటున్న మా మావయ్య చూసి, "అది సిగరెట్టుకు పనికొస్తుంది బాబూ, దీనికి పుల్ల తీసుకోండి" అని తన పెట్టె చేతికిచ్చాడు.

మావయ్య మాటలో చాలా ఉంది. సిగరెట్టు సన్నగా తరిగిన పొగాకు, పైన పల్చటి కాగితం. ఒక్క దమ్ముకు అంటుకుంటుంది. చుట్ట ముదురు ఆకు. మంటకు కాస్త పైన పట్టుకుని, తిప్పుతూ, కొన అంతా సమంగా కాలేదాకా ఓపిక పట్టాలి. పైపుకైతే రెండుసార్లు నిప్పు పెట్టాలి. మొదటి మంటకు పొగాకు పొంగి పైకి లేస్తుంది, దాన్ని మెత్తగా అణిచి మళ్లీ వెలిగించాలి. అంతసేపు లైటరు నొక్కి పట్టుకుంటే పైనున్న రేకు కాలి బొటనవేలు బొబ్బెక్కుతుంది. పెట్రోలు లైటరయితే ఆ వాసన మొదటి దమ్ములోనే నోట్లోకి వస్తుంది.

పుల్లలోనూ లోపం లేకపోలేదు. దాని మందులో గంధకం, పొటాషియం క్లోరేటు ఉంటాయి. ఆ ఘాటు కాలిపోయి మంట కర్రను అందుకునేదాకా రెండు మూడు క్షణాలు ఆగాలి. తాత "మందు కాలనియ్" అన్నది అందుకే. మైనం పూసిన కాగితపు పుల్లలు ఈ పనికి అస్సలు వద్దు. కర్ర పుల్లయితే మంట చేతి మాట వింటుంది. పక్కకు వంచి గిన్నె మీద పెట్టి దమ్ము లాగితే లోపలికి దిగుతుంది. మా స్నేహితుడికి రెండో పుల్లకే పైపు అంటుకుంది.

లైటరు కొత్తది, పుల్ల పాతది అనుకుంటాం. జర్మనీలో డోబరైనర్ లైటరు చేసింది 1823లో. ఇంగ్లండులో జాన్ వాకర్‌కు గీస్తే మండే పుల్ల చేతికొచ్చింది 1826లో. మన చెకుముకి రాయి ఆ రెంటికన్నా వయసులో ఎంతో పెద్దది.

సముద్రం మీద లెక్క వేరు. ఉప్పు గాలికి లైటరు చక్రం తుప్పు పట్టి తిరగదు. అగ్గిపెట్టె పక్కన పూసిన ఎర్ర భాస్వరం చెమ్మగిల్లితే పుల్ల గీసినప్పుడు మందు ముద్దగా రాలిపోతుంది. అందుకే మావయ్య రెండూ ఉంచుకుంటాడు. పెట్టెను ఖాళీ మందుల సీసాలో పెట్టి మూత బిగిస్తాడు. నిజానికి పడవలో రోజంతటికీ వెలిగేది ఒక్క పుల్లే. ఒకడు టార్పాలిన్ చాటున చుట్ట ముట్టిస్తే, మిగతావాళ్లు దాని కొనకు తమ చుట్ట ఆనించి దమ్ము లాగుతారు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ, అంటే నిప్పు కొన నోట్లో పెట్టుకుని తాగడం, గాలికీ తుంపరకూ చుట్ట ఆరకుండా వచ్చిన అలవాటే అంటారు. అంగిట్లో క్యాన్సర్ తెచ్చే అలవాటది.

నిప్పు ఒకరి దగ్గర పుచ్చుకోవడం చుట్టలతో మొదలైంది కాదు. మా అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత వాళ్ల ఊళ్లో పొడి అగ్గిపెట్టె ఉన్న ఇల్లే మిగల్లేదట. ఎక్కడో ఒక పొయ్యి రాజుకుంటే, ఆడవాళ్లు మూకుళ్లలో నిప్పు కణికలు పట్టుకుని గంజి కాచుకోవడానికి ఇంటింటికీ నడిచారని చెప్పేది. అది చెబుతున్నంతసేపూ అమ్మ చేతులు మూకుడు పట్టుకున్నట్టే ఉండేవి. బందరు కిళ్లీకొట్ల ముందు కొన రగులుతూ వేలాడే కొబ్బరితాడు నాకు బాగా గుర్తు. దాని దగ్గర ఎవరైనా ఆగి అంటించుకోవచ్చు, డబ్బు అడిగేవాళ్లు కాదు. తాడు పోయి ఆ మేకుకే దారం కట్టిన లైటరు వచ్చింది.

2021 డిసెంబరు 1న అగ్గిపెట్టె ధర 14 ఏళ్ల తర్వాత పెరిగి రెండు రూపాయలైంది. 2023 జూన్‌లో 20 రూపాయలలోపు లైటర్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. మంచి పని చేసింది. శివకాశి, కోవిల్‌పట్టిలో పెట్టెలు నింపే ఆడవాళ్ల కూలి ఆ రెండు రూపాయల మీదే నడుస్తోంది.

చుట్టకైనా పైపుకైనా నా ఓటు కర్ర పుల్లకే. వేటకు వెళ్లేవాళ్లు మాత్రం పుల్లా లైటరూ రెండూ దగ్గర ఉంచుకోండి. పెట్టెను సీసాలో పెట్టి మూత బిగించండి. ఇంజనులో డీజిలు పోసేటప్పుడు ఆ మూత తీయకండి.