ఠక్కున ఆరిపోయే పీసీ గుట్టు విప్పేవాళ్లు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని అందరూ సీటీసీ అంటారు. కంప్యూటర్ భాగాలకీ మరమ్మతులకీ పేరుపడ్డ చోటు. అక్కడి టెక్నీషియన్లకు ఎదురయ్యే జిడ్డు సమస్యల్లో ఒకటి, ఆట రసపట్టులో ఉండగా గేమింగ్ పీసీ ఠక్కున ఆరిపోవడం. బ్లూ స్క్రీన్ రాదు, హెచ్చరికా ఉండదు. విండోస్ లాగ్‌లో ‘కెర్నెల్-పవర్ 41’ అని మాత్రం మిగులుతుంది. సరిగా షట్‌డౌన్ కాలేదని దానర్థం. ఎందుకో అది చెప్పదు.

చెప్పాల్సింది టెక్నీషియనే.

పనితనం తెలిసినవారు స్క్రూడ్రైవర్ కన్నా ముందు ప్రశ్నలు తీస్తారు. ఆట మొదలైన ఎంతసేపటికి ఆరింది? వెంటనే మళ్లీ ఆన్ అయిందా? కాసేపు నడిచాక ఆరితే వేడిని అనుమానిస్తారు. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపుల్లో వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి పెరిగితే ఆగిపోతాయి. దుమ్ము పట్టిన హీట్‌సింక్, ఎండిన థర్మల్ పేస్ట్ ఇక్కడే దొరికిపోతాయి. బరువైన సీన్ రాగానే ఆరితే చూపు పవర్ సప్లై మీదికి మళ్లుతుంది. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080, 3090 గ్రాఫిక్స్ కార్డులు లిప్తపాటు తమ రేటింగ్‌ని బాగా మించి కరెంటు లాగేవి. సగటున వాటేజీ సరిపోయినా కొన్ని సప్లైల్లో రక్షణ సర్క్యూట్ ట్రిప్పయ్యేది. ఆ కుదుపులను తట్టుకునేలా పవర్ సప్లైలకు 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణం వచ్చింది.

ఆపై రుజువు. ప్రాసెసర్‌కి ప్రైమ్95, గ్రాఫిక్స్ కార్డుకి ఫర్‌మార్క్ అనే లోడు పరీక్షలు విడివిడిగా పెట్టి అంకెలు గమనిస్తారు. ఒక్కసారికి ఒక్క భాగమే మార్చి చూస్తారు. ఈ ఓపికే అసలైన విద్య. ఒక్కోసారి తప్పు పీసీలోనే ఉండదు, లోడు మోయలేని యూపీఎస్‌లో ఉంటుంది.

ఏ భాగమూ మార్చకుండానే కారణం తేల్చినా వారి శ్రమకు తగ్గ రుసుము ఇవ్వండి.