వైమానికుడి ఊపిరి: పాఠం వదలివేసిన లెక్క

"పైకి పోయినకొద్దీ గాలిలో ఆమ్లజని పాలు తగ్గిపోతుంది, అందుచేత వైమానికులు దానిని వెంట తీసుకొనిపోతారు." తరగతిలో తరచుగా వినబడే వివరణ ఇది. ఇందులో మొదటి సగం సరికాదు. రెండవ సగం చాలదు. విమానాలు ఎగిరే ఎత్తులలో కూడ ఆమ్లజని పాలు నూటికి 21 వంతులే. తగ్గేది గాలి పీడనం.

దీనిని గ్రహించడానికి విమానం ఎక్కనక్కరలేదు. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున వున్నది. అక్కడి పాఠశాలలో భారమితిని నిలబెడితే పాదరసం పుస్తకంలోని 76 సెంటీమీటర్ల వద్ద నిలవదు; 71కి అటూ ఇటూ నిలుస్తుంది. పరికరం చెడిపోయిందనుకొని విద్యార్థి 76 అనే వ్రాస్తే, పాఠం అక్కడే తప్పిపోయిందన్నమాట! 5,500 మీటర్ల ఎత్తున పీడనం 38 సెంటీమీటర్లు. అందులో ఆమ్లజని వాటా 8. సముద్రమట్టం వద్ద 16.

అయితే శుద్ధమైన ఆమ్లజని పీలిస్తే చాలదా? కొంత ఎత్తువరకే చాలుతుంది. ఊపిరితిత్తులలోని నీటిఆవిరి, శరీరపు వేడివల్ల, ఎప్పుడూ 4.7 సెంటీమీటర్ల పీడనాన్ని ఆక్రమించుకొని వుంటుంది. ఎంత ఎత్తుకు పోయినా అది తన వాటా వదలుకోదు. బొగ్గుపులుసు వాయువు వాటా వేరే. 12,000 మీటర్ల వద్ద మొత్తం పీడనమే 14. ఈ రెండూ పోగా మిగిలేది చాలీచాలనిది. ఆపైన ముసుగులోకి ఆమ్లజనిని ఒత్తిడితో పంపాలి. అప్పుడు ఊపిరి విడవడమే ప్రయాస. 19,000 మీటర్ల వద్ద బయటి పీడనం కూడ సుమారు 4.7 మాత్రమే, ఇక ఆమ్లజనికి చోటెక్కడిది? పీడనం నిలిపే దుస్తులుగాని, గదిగాని కావాలి. మన పాఠాలు వదలివేసినది ఈ చిన్న తీసివేత లెక్కనే.

దగ్గరలో దుండిగల్‌లో వైమానికదళ అకాడమీ వుండగా మన విద్యార్థులకు ఇది దూరపు విషయం కాదు. 1875లో పారిస్ నుండి జెనిత్ బెలూన్‌లో ముగ్గురు 8,000 మీటర్లు దాటారు. ఆమ్లజని సంచులు వెంట వున్నవి. గొట్టం నోటికి చేర్చుకోబోయేసరికి టిసాండియేకు చేయి కదలలేదు. ఆయన బ్రతికాడు; సహచరులిద్దరూ మరణించారు. స్పృహ పోయేముందు మనిషికి హాయిగా తోచడమే ఈ ప్రమాదంలోని మోసం.

2025 మార్చి 4న తేజస్ విమానం కోసం బెంగుళూరు రక్షణ పరిశోధనశాల 'డెబెల్' తన పరికరాన్ని 50,000 అడుగుల ఎత్తు వరకు పరీక్షించింది. దానిని 'ఆమ్లజని ఉత్పత్తి యంత్రం' అంటున్నారు. ఈ పేరుతో నాకు పేచీ. అది ఆమ్లజనిని పుట్టించదు. ఇంజన్ నుండి వచ్చే గాలిని జియోలైట్ గుళికల మీదుగా నెడితే, ఒత్తిడిలో గుళికలు నత్రజనిని పట్టుకొంటాయి. ఒత్తిడి తగ్గించగానే వదిలివేస్తాయి. ఇక్కడ కూడ పని చేసేది పీడనమే.