చిప్పు తప్పుకు సాఫ్ట్‌వేర్ అతుకు

హైదరాబాద్ కంపెనీలు తీసేసిన కంప్యూటర్లే మా కోహీర్‌లో కొత్తవి. జిరాక్సు సెంటర్లలో, ఎరువుల దుకాణాల్లో నడిచేవి ఎక్కువగా అవే. కోర్ టూ డ్యుయో నాటివి కూడా ఇంకా ఉన్నాయి. వాటిని బాగుచేసే పనిలో ఉన్న నాకు ఫ్యాన్లు, ర్యామ్‌లు పెద్ద లెక్క కాదు. చేతికి దొరకని రోగం ఒకటుంది: ప్రాసెసర్‌కు పుట్టుకతో వచ్చిన లోపం.

1994లో పెంటియమ్ భాగహారం తప్పు చేస్తోందని తేలితే ఇంటెల్ చిప్పులే మార్చిచ్చింది. అందుకు 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. 2018 జనవరి 3న మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డప్పుడు మాత్రం చిప్పు మార్చే మాటే లేదు. బరువు ఎక్కువగా ఆపరేటింగ్ సిస్టమ్ మీద పడింది. మెల్ట్‌డౌన్ వల్ల మామూలు ప్రోగ్రామ్ కూడా ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ మెమరీలోకి తొంగిచూడగలదు. దాన్ని ఆపడానికి లినక్స్ ప్రోగ్రామ్, కెర్నెల్ పేజీ టేబుళ్లను (మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే పట్టికలను) వేరు చేసింది. ప్రోగ్రామ్ కెర్నెల్‌ను పిలిచినప్పుడల్లా టేబుల్ మార్చాలి. పాత చిప్పుల మీద ఆ ఖర్చు ఇంకా ఎక్కువ.

అవసరం తీరాక అతుకు ఎందుకన్న ప్రశ్న పొలాల్లోనూ వచ్చింది. అదే నెల ఒకటిన తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. కరెంటు రాగానే మోటారును వాటంతటవే ఆన్ చేసే ఆటో స్టార్టర్లను ఇక తీసెయ్యమని ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు ఏ రాత్రి వస్తుందో తెలియనప్పుడు అవి అవసరమే. నిలకడగా వస్తున్నప్పుడు బోరును ఖాళీ చేయడానికి తప్ప ఎందుకు? ప్రాసెసర్ అతుకూ ఏ లోపానికి వేశారో ఆ లోపానికే కట్టుబడి ఉండాలి. లినక్స్‌లో మొదట ఎక్స్86 చిప్పులన్నిటికీ ఈ పేజీ టేబుళ్ల అతుకు వేయబోయారు. మా చిప్పులకు ఆ జబ్బు లేదు, వదిలేయండి అంటూ 2017 డిసెంబర్‌లో ఏఎండీ ఇంజనీరు ఒకరు ప్యాచ్ పంపారు. అలా అవి తప్పించుకున్నాయి.

లినక్స్‌లో నాకు నచ్చేది దాపరికం లేకపోవడం. కోర్ టూ డ్యుయో మీద ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే, ఎండీఎస్ అనే లోపం ఎదురుగా 'వల్నరబుల్: క్లియర్ సీపీయూ బఫర్స్ అటెంప్టెడ్, నో మైక్రోకోడ్' అని కనిపిస్తుంది. బఫర్లు తుడవబోయాను, మైక్రోకోడ్ (చిప్పు లోపలే నడిచే కోడ్‌కు దిద్దుబాటు) లేదు, ప్రమాదం అలాగే ఉంది అని చెప్పేస్తుంది. విండోస్‌లో ఇదే సంగతి తెలియాలంటే పవర్‌షెల్ మాడ్యూల్ విడిగా దింపుకోవాలి. దుకాణం నడుపుకునేవాడికి అంత తీరిక ఎక్కడిది?

అతుకు తీసేసే స్విచ్ కూడా యజమాని చేతిలో ఉండాలి. 2018 జనవరిలో స్పెక్టర్ కోసం ఇచ్చిన మైక్రోకోడ్ వల్ల మిషన్లు వాటంతటవే రీస్టార్ట్ అయ్యాయి. దాన్ని వేయడం ఆపమని ఇంటెలే చెప్పింది. లినక్స్‌లో 2019 నుంచి 'మిటిగేషన్స్=ఆఫ్' అని ఒక్క మాటతో కెర్నెల్ వేసే ఇలాంటి అతుకులు దాదాపు అన్నీ ఆపేయొచ్చు.

"అన్నా, అది పెడితే స్పీడైతదంట గదా, జర పెట్టరాదే" అని జిరాక్సు సెంటర్ తమ్ముడొకడు అడిగాడు. ఇంటర్నెట్ లేకుండా బిల్లులు మాత్రమే కొట్టే మిషన్ అయితే పెట్టేవాణ్ణే. ఊరి జనం ఆధార్ నంబర్లు, ఓటీపీలు కొట్టే మిషన్ మీద పెట్టనన్నాను. స్పీడు కోసం బదులుగా ఎస్ఎస్‌డీ వేయించుకున్నాడు, సణుక్కుంటూనే.

మీ మిషన్‌లో లినక్స్ ఉంటే ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ ఒకసారి కొట్టి చూడండి. 'నో మైక్రోకోడ్' అని కనిపిస్తే బ్యాంకు పనులకు వేరే కంప్యూటర్ చూసుకోండి.